జట్టు కట్టడంలోనే పనితనం

గూగుల్‌లో ప్రకటన ఇవ్వడం ఎవరికైనా వచ్చు. కార్డు నంబరు కొట్టి నాలుగు కీవర్డ్‌లు రాసేస్తే సాయంత్రానికల్లా యాడ్ కనిపిస్తుంది. కానీ ఇరవై క్యాంపెయిన్‌లున్న ఖాతా ముందు పెడితే, వీటిలో ఏవేవి ఒక జట్టుగా ఉండాలి, దేన్ని దేనితోనూ కలపకూడదు అని చెప్పగలిగినవాళ్లు అరుదు. ఆ విద్య తెలిసినవాళ్లు సర్దిన ఖాతాను తెరిచి చూస్తే మళ్లీ మూయబుద్ధి కాదు.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. క్లిక్కుల వేలాన్ని 1998లో బిల్ గ్రాస్ తన గోటూ.కామ్‌లో మొదలుపెట్టాడు. 2000 అక్టోబరులో 350 మంది ప్రకటనదారులతో గూగుల్ యాడ్‌వర్డ్స్ వచ్చింది. 2002లో అది కూడా క్లిక్కుల వేలానికి మారింది. ఎక్కువ డబ్బు పెట్టినవాడే పైన ఉండడం కాకుండా, జనం ఎక్కువగా నొక్కే యాడ్‌కూ విలువ కట్టారు. ఆ వేలాన్ని తీర్చిదిద్దినవారిలో ఎరిక్ వీచ్ ఒకడు. అంతకుముందు యానిమేషన్ బొమ్మల్లో వెలుగునీడల గణితం చేసినవాడు. ఆ గణితానికే 2014లో ఆస్కార్ అకాడమీ వాళ్ల సాంకేతిక పురస్కారం అందుకున్నాడు. ఒక్క మనిషి రెండు పరిశ్రమలకు లెక్క నేర్పాడు!

నా ఓటు మాత్రం అనిల్ కామత్‌కే. హ్యారీ మార్కోవిట్జ్ 1952లో షేర్ల గురించి చెప్పిన సిద్ధాంతాన్ని కీవర్డ్‌ల మీదికి తెచ్చి, 2002లో ఎఫిషియెంట్ ఫ్రాంటియర్ అనే సంస్థను నిలబెట్టాడు. ఒక్కో కీవర్డ్ లాభమా నష్టమా అని విడిగా చూడొద్దు, మొత్తం జట్టు ఏం తెస్తోందో చూడు అన్నదే దాని సారం. ఆ సంస్థను కొంటున్నట్టు 2011లో అడోబీ ప్రకటించింది. గూగుల్ తన సొంత జట్టు బిడ్డింగ్‌ను, అంటే పలు క్యాంపెయిన్‌లకు కలిపి ఒకే గురి పెట్టి యంత్రంతో బిడ్‌లు వేయించే పద్ధతిని, 2013లో గానీ తేలేదు. దానినే ఇప్పుడు పోర్ట్‌ఫోలియో బిడ్ స్ట్రాటజీ అంటున్నాం.

అసలు పని ఎలా ఉంటుందో చూడండి. విజయవాడలో ఒక పళ్ల ఆస్పత్రి ఉందనుకుందాం. రూట్ కెనాల్‌కు బెంజ్ సర్కిల్, పటమట, గన్నవరం పేర్లతో మూడు క్యాంపెయిన్‌లు, ఇంప్లాంట్లకు ఒకటి, క్లీనింగ్‌కు ఒకటి, ఆస్పత్రి సొంత పేరు మీద ఇంకొకటి. రూట్ కెనాల్‌కు ఒక్కో చోట నెలకు పదేసి అపాయింట్‌మెంట్లే వస్తాయి. కనీసం 30 కన్వర్షన్లు, అంటే ఇక్కడ అపాయింట్‌మెంట్లు, వచ్చేదాకా చూసి పనితీరు అంచనా వేయమని గూగులే చెబుతుంది. పెట్టుబడికి ఇంత రాబడి రావాలన్న గురి పెట్టుకుంటే 50. విడివిడిగా చూస్తే ఏ ఒక్కటీ ఆ 30కి అందదు. మూడూ కలిస్తే అందుతుంది. మూడింటి గురీ ఒకటే, వచ్చే రోగి విలువా ఒకటే కాబట్టి కలపడం న్యాయం. ఇంప్లాంట్ రోగిని, క్లీనింగ్ రోగిని ఒకే లెక్కలో వేయడం మాత్రం నడక కలవని ఎడ్లను ఒకే కాడికి కట్టడమే.

ఇక్కడే అందమంతా ఉంది. అపాయింట్‌మెంట్‌కు 500 రూపాయలు మించొద్దని మూడింటికీ విడిగా గీత గీశారనుకోండి. 600 పడుతున్న పటమటలో బిడ్‌లు కుంగిపోతాయి, రోగులు పోతారు. అదే గీత జట్టుకు గీస్తే, గన్నవరంలో 350కే దొరికినప్పుడు మిగిలింది పటమటలో పనికొస్తుంది. చేయి తిరిగినవాడు అక్కడితో ఆగడు. సగటు సరే, ఆఖరి అపాయింట్‌మెంట్ ఎంతకొచ్చింది అని అడుగుతాడు. జట్టు బిడ్‌లనే సర్దుతుందని, బడ్జెట్‌ను కదపదని అతనికి తెలుసు. అందుకే మూడింటికీ ఉమ్మడి బడ్జెట్ పెడతాడు. మామూలు టార్గెట్ సీపీఏలో (ఒక్కో క్యాంపెయిన్‌కు విడిగా అపాయింట్‌మెంట్ ఖర్చు గీత గీసే పద్ధతిలో) లేని వెసులుబాటు, క్లిక్ ధరకు పై హద్దు, పోర్ట్‌ఫోలియోలో ఉందనీ తెలుసు. దాన్ని అవసరమైనచోటే వాడతాడు.

ఇక ఒళ్లు మండే సంగతి. ఆస్పత్రి పేరు కొట్టి వెతికేవాడు ఎలాగూ వచ్చేవాడే. ఆ లీడ్ కారుచౌక. చవక ఏజెన్సీలు దాన్ని తెచ్చి మిగతా క్యాంపెయిన్‌లతో ఒకే జట్టులో కలిపేస్తాయి. సగటు ముచ్చటగా దిగుతుంది, రిపోర్ట్ పచ్చగా మెరుస్తుంది. లోపల యంత్రం ఆ చవకదనాన్ని చూసుకుని, కొత్త రోగి కోసం ఎంత పడితే అంత పోస్తుంది. యజమాని చప్పట్లు కొట్టి డబ్బు కడతాడు. ఇది జట్టు బిడ్డింగ్ కాదు, దాని వేషం కట్టిన మోసం.

పైనుంచి పడిన దెబ్బలూ ఉన్నాయి. 2020 సెప్టెంబరులో గూగుల్ జనం వెతికిన మాటల్లో చాలావాటిని రిపోర్ట్‌లోంచి తీసేసింది. 2021లో పర్ఫార్మెన్స్ మ్యాక్స్‌ను అందరికీ తెరిచింది: సెర్చ్, యూట్యూబ్, జీమెయిల్ అన్నీ ఒకే మూటలో. సొంత పేరును అందులోంచి తప్పించే వీలు కోసం 2023 దాకా ఆగాల్సి వచ్చింది. ప్రకటనల ధరలను తామే 5 శాతం దాకా పెంచిన సందర్భాలున్నాయని గూగుల్ అధికారి జెర్రీ డిష్లర్ 2023లో వాషింగ్టన్ కోర్టులోనే ఒప్పుకున్నాడు. అమ్మేవాడి చేతికే కొనేవాడి తాళాలన్నీ ఇచ్చేయమంటున్నారు, మాట్లాడకుండా!

ఆటోమేషన్‌కు నేను వ్యతిరేకిని కాను. ఒక్కో కీవర్డ్‌కు ఒక్కో గ్రూపు కట్టి రోజంతా బిడ్‌లు గీకే పాత పద్ధతివాళ్లతో నాకు ఏనాడూ పొసగలేదు. యాడ్‌వర్డ్స్ తొలి రోజుల్లో గూగుల్‌లో పనిచేసిన ఫ్రెడరిక్ వల్లేస్ 2019 నాటి తన పుస్తకంలో యంత్రం పక్కన మనిషి డాక్టర్‌గా, పైలట్‌గా, టీచర్‌గా ఉండాలంటాడు. నాదీ అదే పక్షం. ఏది ఏ జట్టులో అన్నది యంత్రానికి నేర్పాల్సిన మొదటి పాఠం.

మనకు ఈ విద్య పరాయిది కాదు. గూగుల్ 2004లోనే హైదరాబాద్‌లో ఆఫీసు తెరిచింది. యాడ్స్ ఖాతాల పని అక్కడ నేర్చుకున్న తెలుగువాళ్లు ఎందరో. అమీర్‌పేటలో ఇప్పుడు గోడగోడకూ డిజిటల్ మార్కెటింగ్ బోర్డే. కాకపోతే ఏ బటన్ ఎక్కడుందో చూపిస్తారు గానీ, ఎందుకు కలపాలో, ఎందుకు విడదీయాలో చెప్పేవాళ్లు తక్కువ. నెల తిరగకుండానే పిల్లలు సర్టిఫికెట్ పట్టుకుని ఎవరి డబ్బుతోనో ప్రయోగాలకు దిగుతున్నారు. అయ్యా, కోర్సులు నడిపే పెద్దలారా, ఒక్క వారమైనా జట్టు కట్టడం మీద పెట్టండి.

వ్యాపారం చేసుకునేవారికి ఒక మనవి. ఈ నెల రిపోర్ట్ వచ్చినప్పుడు, మీ సంస్థ పేరు మీద వచ్చిన లీడ్‌లను వేరే వరుసలో చూపించమని అడగండి. కుదరదన్న ఏజెన్సీకి వచ్చే నెల డబ్బు పంపకండి.