వృద్ధాశ్రమం కథల్లో వృద్ధులెక్కడ?

వృద్ధాశ్రమాన్ని గురించి తెలుగులో ఇప్పుడు కథలకు కొదవలేదు. ఏ సంకలనం తెరిచినా ఒకటి రెండయినా కనిపిస్తాయి. వీటిని వరుసగా చదివిన పాఠకుడికి మొదటి పేజీలోనే చివరి పేజీ తెలిసిపోతుంది. కొడుకు అమెరికాలో వుంటాడు. కోడలు గయ్యాళి కాకపోతే ముంగి. తల్లి పెట్టె సర్దుకుని ఆశ్రమానికి వస్తుంది. పండుగనాడు ఫోను కోసం ఎదురుచూస్తుంది. ఫోను రాదు. చివరకు కొడుకు విమానం దిగి వచ్చేసరికి తల్లి వుండదు, తలగడ కింద ఒక వుత్తరం వుంటుంది. కొడుకు ఏడుస్తాడు. పాఠకుడూ ఏడుస్తాడు. కథ ముగుస్తుంది.

ఈ కథలు అబద్ధాలని నేను అనటం లేదు. అటువంటి కొడుకులున్నారు, అటువంటి తల్లులూ వున్నారు. నేననేది వేరు. ఈ కథల్లో వృద్ధాశ్రమం మనుషులు నివసించే చోటు కాదు. కొడుకును బోనెక్కించి విచారించే కోర్టు. వృద్ధురాలు అందులో పాత్ర కాదు, సాక్షి. సాక్ష్యం చెప్పటం కాగానే రచయితకు ఆమెతో పని తీరిపోతుంది. అందుకే ఆమెను చంపేస్తాడు.

ఈ విమర్శ ఇతరుల మీద మాత్రమే చేస్తున్నది కాదు. అటువంటి కథ ఒకటి నేనూ రాశాను. నాతోపాటు బడిలో పాఠాలు చెప్పిన మిత్రుడొకాయన, భార్య పోయిన తరువాత, ఊరి బయట వృద్ధుల కోసం కట్టిన కాలనీలో వుంటున్నాడు. అచ్చయిన కథ ఆయనకు పంపాను. తరువాత చూడబోయినప్పుడు ఆయన అన్నాడు: "బాగానే వుందోయ్. కొడుకులు చదివితే సిగ్గుపడతారు. కాని ఇందులో నేనెక్కడున్నాను? పొద్దున్న లేచిందగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా నేనేం చేస్తానో నీకు తెలుసా?" నాకు తెలియదు. తెలుసుకోకుండానే కథ రాశాను. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా చెబుతున్న జవాబు.

కొడుకును ముద్దాయిని చేసే సంప్రదాయం కొత్తది కాదు. 1972లో వచ్చిన "బడిపంతులు" సినిమాలో ముసలి దంపతులను కొడుకులు చెరొకరుగా పంచుకుంటారు. దానికి మూలం 1958 నాటి కన్నడ చిత్రం "స్కూల్ మాస్టర్". అంతకు చాలా ముందే, 1937లో, అమెరికాలో లియో మెకారీ తీసిన "మేక్ వే ఫర్ టుమారో" కూడా ఇలా విడదీయబడిన దంపతుల కథే. మూడింటిలోనూ ప్రేక్షకుడి కోపం పిల్లల మీదికే మళ్ళుతుంది. కాని పెన్షను లేని ముసలివాళ్ళకు పిల్లల ఇల్లు తప్ప వేరే దిక్కు లేకపోవటమేమిటని అడిగే ప్రేక్షకుడు అరుదు.

ఇప్పుడు మన చట్టాన్ని చూడండి. 2007లో పార్లమెంటు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం చేసింది. పోషించటం పిల్లల విధి అన్నది. నెలకు 10,000 రూపాయల వరకు ఇప్పించవచ్చునన్నది. వృద్ధులను వదిలేసినవాడికి మూడు నెలల వరకు ఖైదు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చునన్నది. మంచిదే. అదే చట్టం 19వ సెక్షనులో దిక్కులేని వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, 150 మందికి చాలేది, మాట ఎత్తింది. కాని అక్కడ రాష్ట్ర ప్రభుత్వం "స్థాపించవచ్చును" అన్నదే తప్ప "స్థాపించి తీరాలి" అనలేదు. బిడ్డకు విధి, ప్రభుత్వానికి వెసులుబాటు! మన కథ కూడా సరిగ్గా ఈ చట్టం నిలబడిన చోటే నిలబడింది. భారమంతా కొడుకు నెత్తిన పెట్టి, సమాజాన్ని సాక్షుల బల్ల మీదికి కూడా పిలవలేదు. అభ్యుదయ రచయితలమని చెప్పుకునే మనం చేయవలసిన పని ఇదేనా?

రెండవ లోపం ఇంతకంటె లోతయినది. ఈ కథలకు ఒంటరితనమంటే ఏమిటో తెలియదు. చుట్టూ మనుషులు లేకపోవటమే ఒంటరితనమని వీటి నమ్మకం. ఇంగ్లండులో సోషలిస్టు అయిన పీటర్ టౌన్‌సెండ్ తూర్పు లండనులోని బెత్నల్ గ్రీన్ అనే కార్మికవాడలో 203 మంది వృద్ధులతో మాట్లాడి 1957లో ఒక పుస్తకం వేశాడు. ఏకాకిగా వుండటం వేరు, ఒంటరితనంతో బాధపడటం వేరని ఆయన తేల్చాడు. పదిమందినీ ఎరగకుండా ఏళ్ళ తరబడి బతికినవాడు బాధపడకపోవచ్చు. భర్తో, బిడ్డో, తోబుట్టువో ఇటీవల పోయినవాడు నిండు ఇంట్లో కూడా కుమిలిపోతాడు. ఎంతమంది వున్నారన్నది కాదు, ఎవరు పోయారన్నది ముఖ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన కమిషను 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. ఆ బాధ అందరికంటె ఎక్కువగా వున్నది ముసలివాళ్ళలో కాదు, యౌవనంలో అడుగు పెడుతున్నవాళ్ళలో.

టౌన్‌సెండ్ లెక్కలతో చెప్పినదాన్ని చెహోవ్ 1886లోనే ఒక చిన్నకథలో చూపించాడు. మంచు కురిసే పీటర్స్‌బర్గులో గుర్రపుబండి తోలే అయోనా కొడుకు చనిపోయాడు. బండెక్కిన ప్రతివాడికీ చెప్పుకోబోతాడు. ఎవడూ వినడు. చివరకు తన గుర్రానికి చెప్పుకుంటాడు. రాజధాని నిండా జనం! చెహోవ్ ఎవరినీ బోనెక్కించలేదు, అయోనాను చంపలేదు. తెల్లవారితే అతడు మళ్ళీ బండి కట్టాలని మనకు తెలుసు. అందుకే ఆ కథ బరువు మనల్ని వదలదు.

మన కథకులు ఇప్పుడు రెండవ రకం ఇంటిని కూడా కనిపెట్టారు. అది డబ్బుగల వృద్ధుల కాలనీ: లిఫ్టు, డాక్టరు, యోగా, సాయంత్రం భజన. కొందరికి అది స్వర్గం, కొందరికి బంగారు పంజరం. రెండూ రంగులే, రెండింటిలోనూ మనిషి లేడు. నా మిత్రుడు చెప్పిన మాట ఇది: "ఇక్కడ అన్నీ చేసిపెడతారు. కాఫీ టైముకు వస్తుంది. పక్క దులుపుతారు. నేను రాకపోతే ఆగిపోయే పని ఈ ప్రపంచంలో ఒక్కటీ లేదు." ఇందులో కొడుకు మీద ఫిర్యాదు లేదు. అయినా ఇంతకంటె కఠినమైన ఫిర్యాదు నేను వినలేదు.

1976లో ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని ఒక వృద్ధుల ఆశ్రమంలో జరిపిన ప్రయోగాన్ని ప్రకటించారు. ఒక అంతస్తులో వాళ్ళకు, ఇక్కడి మీ జీవితానికి మీరే బాధ్యులు అని చెప్పి, తలా ఒక మొక్క ఇచ్చి పెంచుకొమ్మన్నారు. ఇంకొక అంతస్తులో వాళ్ళకూ మొక్కలిచ్చారు. నీళ్ళు మాత్రం నర్సులే పోశారు. మొదటివాళ్ళు ఎక్కువ వుత్సాహంగా, చురుకుగా తయారయారు. ప్రయోగం చిన్నదే. కాని తేడా మొక్కలో లేదు, చెంబు ఎవరి చేతిలో వున్నదన్న దానిలో వుంది. టౌన్‌సెండ్ 1962లో ఇంగ్లండు, వేల్సులోని ఆశ్రమాలను గురించి రాసిన పుస్తకంలో ఎత్తి చూపినదీ ఇదే: పని, ఏకాంతం, సొంత నిర్ణయం మనిషి చేతిలోంచి జారిపోవటం.

ఇక్కడ శ్రీరమణ "మిథునం" గుర్తుకు వస్తుంది. 2000లో మలయాళంలో, 2012లో తెలుగులో సినిమా అయిన కథ. ఆ దంపతుల పిల్లలు దూరంగా వున్నారు. అయినా వాళ్ళు దీనులు కారు. ఎందుచేత? పెరడు వుంది, వంట వుంది, పోట్లాడుకోవటానికి మనిషి వుంది. ఈ సంగతి పట్టుకోవటం శ్రీరమణ గొప్పతనం. కాని ఆ ఇల్లూ పెరడూ సొంతమన్న సంగతీ, ఆయన రుచుల వెనుక వున్నది ఆమె చాకిరీ అన్న సంగతీ పాఠకుడు మరిచిపోయేటంత కమ్మగా కథ నడిచింది. భర్త ముందు పోవటమే మేలని ఆమె అనుకుంటుంది, తాను లేకపోతే ఆయనకు జరగదు గనుక. మరి ఆమెకు ఎలా జరుగుతుంది? మన కథ మొదలు కావలసినది అక్కడ.

1936లో లక్నోలో అభ్యుదయ రచయితల మొదటి మహాసభకు అధ్యక్షత వహించిన ప్రేమ్‌చంద్ ఆ దారి ముందే వేశాడు. ఆయన "బూఢీ కాకీ" ఆస్తి అంతా కొడుకు వరస వాడికి రాసి ఇచ్చి, అదే ఇంట్లో విందు జరిగిన రాత్రి ఆకలితో ఎంగిలాకులు నాకింది. చివరి హృదయ పరివర్తన ప్రేమ్‌చంద్ పాత బలహీనతే కావచ్చు. కాని కాకి దేవత కాదు. ఆమెకు పూరీల మీద ఆశ వుంది, నోటి దురుసు వుంది, ఆస్తి పోయిందన్న తెలివిడి వుంది. మన ఆశ్రమవాసులకు ఆశలే వుండవు. వాళ్ళు అసూయ పడరు, రాజకీయాలు వాదించరు, పక్కగది మనిషి మీద మనసుపడరు. వాళ్ళకు స్నానం చేయించే ఆయా ముఖమే కథలో కనిపించదు. ఆమె కూడా ఒక తల్లే, రేపు ముసలిదయేదే. అప్పుడామె ఏ ఆశ్రమంలో డబ్బు కట్టగలదు?

రచయితలను నేను కోరేది ఒక్కటే. ఆ తలగడ కింద వుత్తరం తీసివేయండి. కొడుకును విమానం ఎక్కనివ్వకండి. ఆశ్రమం లోపలికి వెళ్ళి ఒక మామూలు మంగళవారం రాయండి: ఎవరు ఎన్ని గంటలకు లేపారు, ఎవరిని అడిగి లేపారు, ఆ రోజు ఆ మనిషి లేకపోతే ఆగిపోయే పని ఏమిటి. అది రాయటానికి నేను మళ్ళీ మిత్రుడి దగ్గరకు వెళుతున్నాను. ఈసారి కథ పట్టుకుని కాదు, పొద్దున్నుంచి రాత్రిదాకా ఆయన దగ్గర కూర్చోవటానికి.