కురుని తల్లి పేరేమిటి?

ఇంగ్లండులో స్టాఫర్డ్‌షైర్ జిల్లాలో షగ్‌బరో అని ఒక జమీందారీ భవనం ఉంది. దాని తోటలో పద్ధెనిమిదో శతాబ్దం నాటి రాతి కట్టడం ఒకటి. కొందరు గొర్రెల కాపరులు ఒక సమాధి మీది మాటలు కూడబలుక్కుంటూ చదువుతున్నట్టు దానిమీద శిల్పం చెక్కారు. ఆ శిల్పం కింద ఎనిమిది రోమన్ అక్షరాలు: ఓ, యూ, ఓ, ఎస్, వీ, ఏ, వీ, వీ. వాటికి దిగువన అటు డీ, ఇటు ఎమ్. అంతే! ఆ పది అక్షరాల కోసం రెండు వందల యాభై ఏళ్ళకు పైగా జనం బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నారు. క్రీస్తు కడపటి విందులో వాడిన పానపాత్ర ఎక్కడ దాచారో ఇందులో ఉందన్నారు కొందరు. 2004లో అయితే, రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువుల రహస్య సందేశాలు విప్పిన కేంద్రంలో పనిచేసిన పెద్దవాళ్ళని పిలిచి మరీ చూపించారు.

ఇన్ని వ్యాఖ్యానాల్లోకీ నా మనసుకు పట్టింది ఒక్కటే. ఆ ఎనిమిదీ ఎనిమిది లాటిన్ మాటల మొదటి అక్షరాలట. ఉత్తమురాలైన భార్య, ఉత్తమురాలైన సోదరి, ఆమె సుగుణాలకు ప్రేమించిన భర్త అర్పించినది అని అర్థం వస్తుందట. డీ, ఎమ్ అన్నవి రోమనులు సమాధుల మీద చెక్కించుకునే మాటలకు పొడి అక్షరాలే కనుక ఇది కొంతవరకూ నమ్మేట్టుగానే ఉంది. ఋజువు మాత్రం లేదు. అయితే ఇది చదవగానే నాకు తట్టిన ప్రశ్న వేరు. నిజంగా భార్యకోసమే అయితే, అంత ప్రేమ ఉన్నవాడు ఆవిడ పేరు చెక్కించలేకపోయాడా?

ఈ ప్రశ్నతోనే నేను భట్టిప్రోలు వెళ్ళాను.

దూరమేమీ కాదు. గుంటూరు దాటితే మిరప కళ్ళాల ఘాటు వెనకబడుతుంది, తెనాలి దాటితే పత్తిచేలు కూడా మరిచిపోయి వరిచేలలో పడతాం. రేపల్లె వెళ్ళే రైలు భట్టిప్రోల్లో ఆగుతుంది. మొన్నమొన్నటిదాకా గుంటూరు జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. అక్కడి పెద్ద స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రీ తవ్వించాడు. అప్పటికే దాని పాలరాళ్ళు కాలువ తూముకీ, ఇటుకలు రోడ్డుకీ పోయాయి. మిగిలినదాని కడుపులో రాతి పెట్టెలు, వాటిలో స్ఫటికపు భరిణెలు, బంగారు పూలు దొరికాయి. పెట్టెల మీద ప్రాకృత భాషలో శాసనాలు! క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దమో రెండో శతాబ్దమో అంటారు. వాటిని చదివి అచ్చువేయించిన పండితుడు బ్యూలర్.

ఆ దిబ్బను ఊళ్ళోవాళ్ళు ఏమని పిలిచేవారో రాయడానికి నాకు జంకుగా ఉంది. దొరల పుస్తకాల్లో జంకు లేకుండా అచ్చయింది. వేశ్యను తిట్టడానికి మనవాళ్ళు వాడే మోటుమాట ఒకటుందే, దాని పక్కన దిబ్బ అని చేర్చుకోండి. కృష్ణా జిల్లా ఘంటసాలలో ఉన్న బౌద్ధుల దిబ్బకీ ఇదే పేరు. కట్టినవాళ్ళెవరో జనం మరిచిపోయాక, ఊరి బయట ఒంటరిగా మిగిలిన దిబ్బకు ఆడదాని మీదుగా ఒక తిట్టు తగిలించి ఊరుకున్నారన్నమాట.

సరే, పైన ఆ పేరు. లోపల ఏముంది?

ఒక పెట్టె మీది మాటలకు అర్థం ఇది: కురుని తండ్రి, కురుని తల్లి, కురుడు, శివుడు కలిసి బుద్ధుని ధాతువులు ఉంచడానికి ఈ మంజూషను, స్ఫటికపు భరిణెను చేయించారు.

కురుని తల్లి! చదవగానే నాకు ఒళ్ళు మండింది. షగ్‌బరోలో పేరు లేని భార్య, ఇక్కడ పేరు లేని తల్లి. డబ్బులో సగం ఆవిడదే అయి ఉండవచ్చు, పేరు మాత్రం కొడుకుది. మన గుళ్ళల్లో ఫ్యాను రెక్కల మీద చూడండి. ఫలానావారి జ్ఞాపకార్థం వారి ధర్మపత్ని, కుమారులు అని ఉంటుంది. పోయినాయనకు ఇంటిపేరుతో సహా పూర్తిపేరు, ఫ్యాను కొనిచ్చినావిడకు ధర్మపత్ని అన్న మాట! ఇరవై రెండు వందల ఏళ్ళ అన్యాయం అనే పేరుతో వ్యాసం మనసులో సగం రాసేసుకున్నాను కూడా.

రైల్లో వెనక్కి వస్తుంటే ఆ వాక్యం మళ్ళీ గుర్తొచ్చి నాలిక్కరుచుకున్నాను. కురుని తల్లి కన్నా ముందు ఎవరున్నారు? కురుని తండ్రి. మరి ఆయన పేరేదీ? ఆయనకూ లేదు! ఆయనా కొడుకు పేరుతోనే ఉన్నాడు. నా కోపానికి పనికొచ్చిన మాట మీద కళ్ళు పెట్టి, దాని పక్కనే ఉన్న మాటను చూడకుండా వదిలేశాను. రాతిలో పానపాత్ర వెతికినవాళ్ళకీ నాకూ తేడా ఏముంది? శాసనం ఉన్న చోటల్లా నిధి ఉంటుందని మన పల్లెల్లో నందుల కడుపులు పగలగొట్టేవాళ్ళు ఉన్నారు. నేను గునపం పట్టలేదు, కలం పట్టాను.

పండితులకు కూడా ఈ జబ్బు తగులుతుందేమో. అమరావతి రాతి మీద నాగబు అన్న ఒక్క మాటను వేటూరి ప్రభాకరశాస్త్రిగారు చూపించారు, ఇదే మనకు దొరికిన మొదటి తెలుగు మాట అని. అది తెలుగే అని కొందరు, ఏదో పేరులో ముక్క అని కొందరు. ఆ చర్చను నేను తక్కువ చెయ్యను, భాష మీద ప్రేమ ఉన్నవాళ్ళు చేసే పనే అది. కానీ అదే అమరావతిలో విధికుడు అనే చర్మకారుడు పూర్ణఘటం చెక్కిన రాతిపలకను దానం చేస్తూ రాయించుకున్న శాసనం ఉంది. ఉపాధ్యాయుడైన నాగుని కొడుకునన్నాడు. తన తల్లిని, భార్యను, అన్నదమ్ముల్ని, కొడుకు నాగుణ్ణి, కూతుళ్ళని, బంధుమిత్రుల్ని అందరినీ కలుపుకున్నాడు. తాత పేరు మనవడికి! మన ఇళ్ళల్లో ఇప్పటికీ ఉన్న ఆచారమే. తోళ్ళపని చేసే ఇంట్లో చదువు చెప్పే తండ్రి. ఇందులో గూఢార్థం ఏమీ లేదు, ఉన్నదంతా పైకే కనిపిస్తోంది. దీన్ని గురించి మన ఇళ్ళల్లో ఒక్కరైనా మాట్లాడగా విన్నారా?

కూతుళ్ళకు మాత్రం పేర్లు లేవు. ఈసారి తొందరపడను. కొడుకుకి ఉండి కూతుళ్ళకు లేకపోవడం రాతిలో ఉన్న మాటే, నేను చేర్చింది కాదు. అలాగని ఆ రోజుల్లో ఆడవాళ్ళ పేర్లు రాతికెక్కవు అనడానికీ వీల్లేదు. మూడో శతాబ్దంలో నాగార్జునకొండ మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టించిన చాంతిసిరి, ఇక్ష్వాకు రాజు చాంతమూలుని తోబుట్టువు, తన పేరు నిక్షేపంలా వేయించుకుంది. బోధిసిరి అనే ఉపాసిక అయితే తన దానాలన్నీ చెప్పి, పుట్టింటివారినీ అత్తింటివారినీ పేరుపేరునా తలుచుకుంది. ఈ రెండు శాసనాలు చదివితే పేరంటానికి వచ్చినవాళ్ళ లెక్క చూసినట్టు ఉంటుంది.

భట్టిప్రోల్లోనే ఆరు పలకల స్ఫటికం మీద ఇంకో శాసనం ఉంది. బ్యూలర్ చదివిన ప్రకారం నందపురం స్త్రీలు, సువణమాహకు చెందిన సామణేరులు, అంటే కుర్ర సన్యాసులు, కలిసి ఇచ్చిన దానమట అది. స్త్రీలకు అక్కడ వాడిన మాట మాతుగామ. ఎంతమందో, ఎవరి భార్యలో ఏమీ లేదు. ఒక ఊరి ఆడవాళ్ళు, అంతే. తలా కాస్తా వేసుకుని ఇచ్చారు కాబోలు, మనం ఊళ్ళో సప్తాహానికి వేసుకున్నట్టు. కాబోలు అన్నది నా మాట సుమండీ, స్ఫటికం మీద లేదు. ఆ తిట్టు పేరు దిబ్బ లోపల ఇరవై శతాబ్దాలు దాగి ఉన్నది ఇదీ.

నేను వెళ్ళిన రోజు స్తూపం దగ్గర గడ్డి కోసుకుంటున్న ముసలమ్మ ఒకావిడ దగ్గరకొచ్చింది.

"ఏందమ్మా రాసుకుంటన్నావు? నిధి సంగతా?"

"కాదు పెద్దమ్మా. ఇక్కడ దొరికిన పెట్టె మీద రాసిన మాటలు."

"ఏముంది అందులో?"

"ఒక అమ్మా, నాన్నా, కొడుకూ, ఇంకొకాయనా కలిసి ఆ పెట్టె చేయించారట."

"ఆయమ్మ పేరేంది?"

"పేరు లేదు. కురుని తల్లి అని ఉంది."

ఆవిడ నవ్వింది. "మరి అట్టాగే గదమ్మా పిలిచేది? మా ఆయన బతికున్నన్నాళ్ళూ నన్ను మా పెద్దోడి పేరుపెట్టి వాడమ్మా అనే పిలిచాడు. నేనూ ఆయన్ని వాడి నాయనా అనే పిలిచా. పేర్లెట్టుకుని ఎట్టా పిలుచుకుంటాం?"

ఆ మాటకు అప్పుడు తలూపి ఊరుకున్నాను. అర్థమైంది రైలెక్కిన తర్వాతే. ఆవిడ పేరు అడగాలన్న సంగతి మాత్రం తెనాలి దాటాక గాని తట్టలేదు.