‘రక్షణ’ అంటే ఏమిటి? మానసిక రోగుల విలువల అధ్యయనముపై ఒక విమర్శ

మానసిక రోగికి జీవితములో ఏది ముఖ్యమో అతనినే అడిగి తెలుసుకొనవచ్చునా? ఈ ప్రశ్నకు మనస్తత్వశాస్త్రము ఇచ్చిన జవాబును, రామగుండం, గోదావరిఖని ప్రాంతపు కాపరుల సేవను దృష్టిలో ఉంచుకొని పరిశీలిస్తున్నాము.

మిల్టన్ రోకీచ్ అమెరికాలోని ఇప్సిలాంటి ఆసుపత్రిలో, తామే క్రీస్తులమని నమ్మిన ముగ్గురు రోగులను 1959 నుండి 1961 వరకు ఒకచోట ఉంచి పరీక్షించాడు. వారి నమ్మకమును మార్చడానికి కల్పిత ఉత్తరాలు కూడా పంపాడు. ఆ హక్కు తనకు లేదని తరువాతి ముద్రణలో ఆయనే ఒప్పుకున్నాడు. 1973లో వెలువడిన ఆయన గ్రంథము వేరొక మార్గము చూపింది: 36 విలువలను రెండు పట్టికలుగా ఇచ్చి, ప్రాముఖ్యతనుబట్టి వరుసలో పెట్టమనడము. 1992లో షాలోమ్ ష్వార్ట్జ్ విలువలను 10 రకాలుగా విభజించాడు.

రోగిని అడగడము ఈ పద్ధతిలోని మేలు. కాని పట్టికలోని మాట అందరికీ ఒకే అర్థమివ్వదు. ష్వార్ట్జ్ చెప్పిన ‘భద్రత’ను సింగరేణి గనులలో ‘రక్షణ’ అంటారు. సంఘములో అదే మాటకు పాపవిముక్తి అని అర్థము. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు చొరబడి 17 మంది మరణించారు. ఇట్టి ప్రాంతములో ఒక రోగి తనకు రక్షణే ముఖ్యమన్నాడనుకొందాము. వైద్యుడు దానిని భయలక్షణముగా వ్రాసుకొనవచ్చు. మనము మారుమనస్సుకు సూచనగా తీసుకొనవచ్చు. అతడు మాత్రము నైట్ షిఫ్టుకు దిగిన కొడుకు క్షేమముగా పైకి రావాలంటున్నాడేమో! ఎందుకని అడగనిదే తెలియదు.

వ్యాధి తీవ్రమైనప్పుడు రోగి కోరికలు మారవచ్చుననే ఆక్షేపణ సమంజసమే. అందుకే నెమ్మదిగా ఉన్న రోజులలో, ఒకటికి రెండుసార్లు అడగాలి. తనకు ఎట్టి చికిత్స కావాలో, ఎట్టిది వద్దో ముందుగానే వ్రాసియుంచే హక్కును 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఇచ్చింది. మెడికల్ అన్‌ఫిట్, వారసునికి ఉద్యోగము వంటి విషయాలు ముడిపడిన ఇంట్లో కుటుంబము మాటే రోగి మాటగా చెల్లిపోయే ప్రమాదమున్నది.

మార్కు 5:1-20లో ప్రభువు ఆ మనిషి పేరు అడిగాడు. స్వస్థత పొందినవాడు వెంట వస్తానన్నప్పుడు అనుమతింపలేదు గాని, అతని కోరికను పిచ్చిగా కొట్టివేయక ఇంటివారియొద్దకు సాక్షిగా పంపాడు. ‘దయ్యము పట్టింది’ అని ముందే తీర్మానించే మన సంఘాలు ఈ వరుసను గమనించాలి. కాపరి ప్రార్థించాలి, వైద్యునియొద్దకు పంపాలి. ఈ రెంటికీ ముందు రోగితో ఏకాంతముగా కూర్చుండి, అతని మాటను అతని మాటలలోనే వినాలని మా అభిప్రాయము.