వెలగపూడి ఆదాయం ఎవరికి రాశారు?

శాసనం చదవడమంటే పండితుల పని అనుకుంటాం గానీ, అందులో సగం కూలిపనే. ముందు రాయి కడగాలి. నాచు, పిట్టరెట్ట, పసుపు కుంకుమలు, ఎవరో భక్తితో పోసిన నూనె జిడ్డు పోయేదాకా నీళ్లు పోసి మెత్తటి కుంచెతో రుద్దాలి. ఇనప బ్రష్షు ముట్టుకోకూడదు, అక్షరం అంచు లేచిపోతుంది. తర్వాత తడిపిన కాగితాన్ని రాతికి పరిచి, గాలి బుడగ నిలవకుండా మధ్య నుంచి అంచులకు నొక్కుకుంటూ పోవాలి. గట్టి వెంట్రుకల బ్రష్షుతో కొడుతూ ఉంటే కాగితం చెక్కిన గాడిలోకి దిగుతుంది. కాస్త ఆరాక, గుడ్డ చుట్టిన దూదిమూటకు సిరా పట్టించి తేలిగ్గా అద్దుతారు. మిట్టగా ఉన్నచోట నలుపు పడుతుంది, చెక్కినచోట తెల్లగా మిగిలిపోతుంది. అప్పటిదాకా ఉత్త గీతల్లా కనిపించినవి కాగితం మీద వరసలు కట్టి నిలబడతాయి.

ఈ పని తెలిసిన పెద్దల వెనక నీళ్లబిందె మోసి నేను నేర్చుకున్నది కొంచెమే. కాగితం తడి ఎప్పుడు చాలుతుందో వాళ్లకు చేతికి తెలుస్తుంది, నాకింకా తెలియదు. కానీ ఒక అలవాటు మాత్రం వాళ్ల దగ్గర అబ్బింది. శాసనాన్ని మొదటి నుంచి కాకుండా చివరి నుంచి చూడటం. మొదట్లో ఉండేది రాజుగారి పొగడ్త. ఎన్ని యుద్ధాలు గెలిచాడు, ఎవరి వంశంవాడు, ఆయన కీర్తి ఎంత తెల్లనిది. ఏ ఊళ్లో చూసినా దాదాపు ఇదే పాట. ఊరి సంగతి ఆ తర్వాత వస్తుంది. పొలం ఎంత, హద్దు ఏది, ఎవరికి ఎంత వాటా, ఆ వాటా తిన్నందుకు ఎవరు ఏం చేయాలి. చరిత్ర అని మనం వెతికేది అక్కడే ఉంటుంది.

తుళ్లూరు మండలంలో కృష్ణ ఒడ్డు ఊళ్ల సంగతి తెలుసుకోవాలనుకునేవాళ్లు మొదట చూడాల్సింది మల్కాపురం శిలాస్తంభం. శక సంవత్సరం 1183, దుర్మతి, అంటే 1261. కాకతీయ రుద్రమదేవి కాలం. జయంతి రామయ్య పంతులు గారు దాన్ని పరిష్కరించి ప్రకటించారు. గ్రాంథిక భాష కోసం పట్టుబట్టిన ఆ పెద్దమనిషికి వాడుక భాషలో కాలమ్ రాసుకునే నాబోటివాడు రుణపడి ఉండటం కొంచెం తమాషాగానే ఉంటుంది. దక్షిణ భారత శాసనాల పదో సంపుటంలో అది 395వ నంబరు.

సంగతి ఇది. గణపతిదేవుడి దీక్షాగురువు విశ్వేశ్వర శివాచార్యులు. గౌడదేశంలోని రాఢ ప్రాంతం, అంటే ఇప్పటి బెంగాల్ వైపు నుంచి వచ్చిన శైవుడు, గోళకీ మఠం పెద్ద. ఆయనకు గణపతిదేవుడు మందర గ్రామం ఇస్తానన్నాడు. రుద్రమదేవి ఆ మాట నిలబెట్టి, దానితోపాటు వెలంగపూండిని కూడా ధారపోసింది. మందర నేటి మందడం. వెలంగపూండి నేటి వెలగపూడి. గురువుగారు ఆ రెండూళ్ల భూమి మీద గుడి, మఠం, సత్రం కట్టించి, దక్షిణాది నుంచి బ్రాహ్మణ కుటుంబాలను తెచ్చి కాపురం పెట్టించి, కొత్త ఊరికి విశ్వేశ్వర గోళకి అని పేరు పెట్టారు.

అసలు చదవాల్సిన భాగం దీని తర్వాతిది. బ్రాహ్మణులకు పంచగా మిగిలిన భూమిని మూడు భాగాలు చేశారు. ఒకటి దేవుడికి. ఒకటి మఠానికి, అక్కడ చదువుకునే విద్యార్థుల తిండికి. మూడోది ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, సత్రానికి. అంటే 760 ఏళ్ల కిందట ఈ నల్లరేగడిలో పండిన గింజల్లో ఒక వంతు పురుళ్లకు, రోగులకు, ఆకలిగొన్నవాళ్లకు అని రాతి మీద రాసి పెట్టారు. వేదాలు చెప్పడానికి ముగ్గురు, వ్యాకరణం, తర్కం, సాహిత్యం, ఆగమం లాంటివి చెప్పడానికి ఐదుగురు, ఒక వైద్యుడు, లెక్కలు రాసే కాయస్థుడు ఒకడు. ఆ సత్రంలో బ్రాహ్మణుడు మొదలు చండాలుడి వరకు వచ్చినవాళ్లందరికీ ఏ వేళైనా అన్నం పెట్టాలన్నది షరతు. ఇక కంసాలి, కంచరి, కమ్మరి, కుమ్మరి, వడ్రంగి, మంగలి, రాతిపనివాడు, నాట్యగత్తెలు, మద్దెలవాళ్లు, ఊరి కాపలాదారులు, వీళ్లందరి వృత్తి పేరూ రాతికెక్కింది.

అందరూ సమానమని శాసనం ఎక్కడా అనలేదు. ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్నది ఆ వరసలోనే కనిపిస్తుంది. భూమి ఎక్కువగా ఎవరి చేతికి వెళ్లిందో కూడా దాచలేదు. అయినా ఊరు నడవడానికి ఎవరెవరు కావాలో లెక్క కట్టి, ఎవరి తిండి ఎక్కడి నుంచి రావాలో చెప్పింది. ఆ జాగ్రత్త నాకు నచ్చుతుంది.

మల్కాపురం నుంచి పడమటికి, ఏటికి ఎదురుగా వెళ్తే అమరావతి. ఊరంతా కలిపి చూస్తే చిన్నదే. కానీ ధాన్యకటకంగా రోమ్ దాకా సరుకు నడిచిన కాలపు పట్నం. అక్కడి స్తూపం రాళ్ల మీద బ్రాహ్మీ లిపిలో ఉన్న చిన్న చిన్న శాసనాలు ఎక్కువగా దాతలవే. గృహస్థులు, భిక్షుణులు, సుగంధ ద్రవ్యాల వర్తకులు. వాళ్లలో విధికుడనే చర్మకారుడు ఒకడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు, చుట్టాలు, అందరినీ కలుపుకుని పూర్ణకుంభం చెక్కిన ఫలకం ఒకటి దానమిచ్చాడు. సాతవాహన చక్రవర్తుల పేర్లు బడి పుస్తకాల్లో ఉన్నాయి. విధికుడు రాతిలో ఉన్నాడు, తన ఇంటిల్లిపాదితో సహా.

ఆ రాళ్లకు పట్టిన గతి కూడా తెలిసిందే. 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి వచ్చి అమరావతిని తన పట్నంగా కట్టుకున్నప్పుడు, స్తూపం ఉన్న దీపాలదిన్నెలో దొరికిన పలకలు కొత్త కట్టడాల్లోకి వెళ్లాయి. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించినవి మద్రాసు చేరి, అక్కడ నుంచి లండన్ వెళ్లాయి. కొన్ని పలకలు అంతకు ముందే సున్నపు బట్టీల్లో కాలిపోయాయి. సున్నపురాయి కదా, కాలిస్తే మంచి సున్నం వస్తుంది. అక్షరాలున్నాయని బట్టీవాడికి ఎవరు చెప్పాలి? చదివి చెప్పేవాళ్లు లేకపోతే ఏ రాయైనా గోడలోకో బట్టీలోకో పోతుంది.

ఇప్పటి సంగతికి వద్దాం. 2015లో 29 గ్రామాల రైతులు రాష్ట్ర కొత్త రాజధాని కోసం 33 వేల ఎకరాలకు పైగా భూసమీకరణకు ఇచ్చారు. ఏటి పక్కన మూడు పంటలు పండే భూమిని జరీబు అన్నారు, పత్తి, మిర్చి పండే భూమిని మెట్ట అన్నారు. జరీబు ఎకరానికి ఏటా 50 వేలు, మెట్టకు 30 వేలు కౌలు, ఏడాదికింత పెంపు, పదేళ్ల పాటు. అభివృద్ధి చేసిన ప్లాట్లు వేరే. ఈ లెక్కంతా తుళ్లూరులో ఏ టీకొట్టు దగ్గర అడిగినా నోటికి చెబుతారు. తమ చేతిలో ఉన్న ఒప్పందాన్ని వాళ్లు ‘తొమ్మిది పాయింట్ పద్నాలుగు’ అంటారు. నా దృష్టిలో అదే ఈ కాలపు దానశాసనం. ఇచ్చింది రాజు కాదు, రైతు. అంతే తేడా.

పాత శాసనాల చివర శాపం ఉండేది. ఇచ్చిన భూమిని లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు పురుగై పుడతాడని. 9.14 కాగితంలో శాపాలుండవు. అందుకని 2019 డిసెంబరులో ఆ ఒక్క రాజధాని బదులు మూడు రాజధానుల మాట వినబడగానే మందడం, వెలగపూడి, తుళ్లూరు రోడ్ల పక్కన శిబిరాలు వెలిశాయి, నాలుగున్నరేళ్లు నడిచాయి. 2021 నవంబరు 1న తుళ్లూరు నుంచి తిరుపతికి పాదయాత్ర బయల్దేరింది. వాటన్నిటిలో ముందు వరసలో ఉన్నది ఆడవాళ్లే. 2022 మార్చి 3న హైకోర్టు ఒప్పందం ప్రకారం చేయాలని తీర్పు చెప్పింది. రాయి చేయాల్సిన పనిని మనుషులు రోడ్డు పక్కన కూర్చుని చేశారు.

ఒక్క విషయం మాత్రం నన్ను పీకుతూనే ఉంది. భూమి ఇచ్చినవాళ్ల పేర్లు, సర్వే నంబర్లు కాగితంలో ఉన్నాయి. ఆ పొలాల్లో మిర్చి కోసినవాళ్లు, పత్తి తీసినవాళ్లు, ఊళ్లో బట్టలుతికినవాళ్లు ‘భూమిలేని పేదలు’ అనే ఒక్క పద్దు కింద నెలకు 2,500 పింఛనుతో చేరిపోయారు. 1261 నాటి రాయికి వాళ్ల వృత్తులు తెలుసు. 2015 నాటి కాగితానికి వాళ్లకు లేనిది మాత్రమే తెలుసు. గట్లు చదునయ్యాయి. ఏ చేను పేరు ఏమిటో, ఏ రేవులో పడవ ఎక్కేవాళ్లో, ఏ దిబ్బ మీద ఏ జాతర జరిగేదో చెప్పగలిగినవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ ఊళ్లలో బడి పిల్లలకు వేసవి సెలవుల పనిగా ఇదొక్కటి అప్పగించినా చాలు. ఒక నోటు పుస్తకం, ఊరికి పదిమంది ముసలివాళ్లు. రాయి కడగడం కంటే తేలికైన పని ఇది.

ఇక పెద్దలకు ఒక మాట. 2017 మార్చి నుంచి ఆంధ్రప్రదేశ్ శాసనసభ వెలగపూడిలో కూర్చుంటోంది. ఏటా బడ్జెట్ చదివేది అక్కడే. ఆ ఊరి పంటలో ఒక వాటా పురిటి ఇంటికి, రోగులకు, ఆకలిగొన్నవాళ్లకు చెందాలని మల్కాపురం రాయి చెబుతోంది. ఆ శాసనం తెలుగు తాత్పర్యాన్ని సభ గుమ్మం దగ్గర, లోపలికి వెళ్లే ప్రతి సభ్యుడికీ కనపడేలా పెట్టించండి. రాజధాని పటం చూసే మీరు కూడా టవర్లు ఎన్ని అంతస్తులని అడిగే ముందు, ప్రసూతి ఆసుపత్రి ఎక్కడ, దానికి రాసిన పైకం ఎంత అని అడగండి. ఆ రెండూళ్ల భూమి మీద అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.