సముద్రం అడుగున గూఢచారి

గూఢచారి సినిమాకు మాటే ప్రధానాయుధం. హీరో తన పేరు చెప్పుకునే తీరు, పేకాట బల్ల దగ్గర విసిరే సవాలు, విలన్ తన పథకమంతా విప్పి చెప్పే ఘట్టం, అన్నీ మాటలే. అదే హీరో గాలి గొట్టం నోట కరుచుకుని సముద్రంలోకి దిగాడా, మాట పోతుంది. మాస్క్ వెనక ముఖమూ సగం పోతుంది. మిగిలినదానితోనే కథ నడపాలి. ఈ విద్యను భారీ ఎత్తున చేసి చూపించింది 1965 నాటి జేమ్స్ బాండ్ చిత్రం 'థండర్‌బాల్'.

స్పెక్టర్ ముఠా రెండు అణుబాంబులున్న వల్కన్ విమానాన్ని ఎత్తుకెళ్లి బహమాస్ దగ్గర సముద్రంలో దించి, పైన వల కప్పి దాచేస్తుంది. పది కోట్ల పౌండ్ల విలువైన వజ్రాలు అడుగుతుంది. బాంబుల ఆచూకీ కోసం బాండ్‌గా షాన్ కానరీ అక్కడి నసావు చేరతాడు. దర్శకుడు టెరెన్స్ యంగే అయినా, నీటి అడుగు ఘట్టాలను నడిపించింది రికూ బ్రౌనింగ్. 1954లో 'క్రీచర్ ఫ్రమ్ ద బ్లాక్ లగూన్'లో నీళ్లలో ఈదే వింతజీవి ఆయనే. నీటి అడుగున కెమెరా లామార్ బోరెన్‌ది. ఈ ఇద్దరి పేర్లూ కానరీ పేరంత గట్టిగా చెప్పుకోవాలి.

నీళ్లలో దర్శకుడు కేకేసి చెప్పలేడు. ఎవరు ఎటు ఈదాలో, ఎవరి మీద ఎవరు పడాలో ఒడ్డునే తేల్చుకోవాలి. దిగాక చేతి సైగలే దిక్కు. చదును అద్దం వెనక ఉన్న కెమెరాకు ప్రతి వస్తువూ అసలు దూరంలో ముప్పాతిక వంతులోనే ఉన్నట్టు కనిపిస్తుంది. లోతుకు పోయేకొద్దీ రంగుల్లో ముందు ఎరుపు మాయమవుతుంది. అందుకే ఎండ బాగా దిగే తేట నీళ్లు కావాలి. బహమాస్‌లో అవి దొరికాయి.

చివరి యుద్ధం చూడండి. ముఖాలు ఆనవు కనుక ముఠాకు నల్ల సూట్లు, పారాచూట్లతో దిగే అమెరికన్ దళానికి నారింజ రంగు సూట్లు వేశారు. ఒక్క సంభాషణ లేకుండా ఎవరు మనవాళ్లో తెలిసిపోతుంది. ఇక బుడగలు. నేల మీద ఎవరి ఊపిరీ కంటికి కనపడదు, ఇక్కడ కనపడుతుంది. కత్తి గాలి గొట్టాన్ని తెంపగానే తెల్లటి బుడగలు గుప్పున ఎగజిమ్ముతాయి. నెత్తురు చూపించకుండానే ప్రాణం పోతోందని అర్థమవుతుంది. ఈ యుద్ధం సాగదీసినట్టుందన్న ఫిర్యాదు పాతదే. నేను ఒప్పుకోను. నీళ్లలో దెబ్బ నెమ్మదిగా వస్తుంది, తప్పుకోవడమూ నెమ్మదే. అది వస్తున్నట్టు తెలిసీ ఏమీ చేయలేని ఆ క్షణాల్లోనే భయమంతా ఉంది. జాన్ బ్యారీ సంగీతం కూడా ఆ నడకను తొందరపెట్టదు. ఈ చిత్రానికి జాన్ స్టియర్స్ విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ అందుకున్నారు.

1977లో మరో బాండ్ చిత్రం 'ద స్పై హూ లవ్డ్ మి' కోసం లోటస్ కారును నీళ్లలో నడిపారు. దాని లోపల నిండా నీళ్లే. నడిపినవాళ్లు గాలి సిలిండర్లు తగిలించుకున్న డైవర్లు.

'ఫర్ యువర్ ఐస్ ఓన్లీ' (1981) దగ్గరికి వచ్చేసరికి చిక్కు వేరు. నాయిక కరోల్ బూకేకు సైనస్ బాధ, నీళ్లలోకి దించే వీల్లేదు. ఆమెవీ, బాండ్‌గా వేసిన రోజర్ మూర్‌వీ దగ్గరి షాట్లు పొడి స్టేజీ మీదే తీశారు. జుట్టు తేలేలా ఫ్యాను గాలి, కదలిక బరువెక్కేలా స్లో మోషన్, ఆపైన ఎఫెక్ట్స్ నిపుణుడు డెరెక్ మెడింగ్స్ బృందం విడిగా జోడించిన బుడగలు. బహమాస్‌లో డూపులతో తీసిన దూరపు షాట్ల మధ్య వీటిని పేర్చారు. సంగతి తెలిసి చూసినా, ఏది సముద్రంలోదో ఏది స్టేజీదో తేల్చుకోవడానికి నేను వెనక్కి తిప్పి మళ్లీ చూడాల్సి వస్తుంది.