గద్వాల కోట, వనపర్తి సౌధం, మన మస్జిదు గోడ

పాలమూరు సంస్థానాలను గురించి వ్రాసేవారు రాజును, ఆలయాన్ని, ఆస్థాన కవిని వర్ణించి కలం దించుతారు. ఆ కట్టడాల మరమ్మతు భారం ఇప్పుడు ఎవరిదన్న ప్రశ్న ఆ పుటలలో కానరాదు. ఇది చిన్న లోపమేమీ కాదు.

18వ శతాబ్ది తొలినాళ్లలో సోమనాద్రి కట్టించిన గద్వాల కోట మట్టికోట. మట్టిగోడకు ప్రతి వానాకాలానికి ముందూ పూత పడాలి. సంస్థానం ఉన్నంతకాలం అందుకు మనుషులుండేవారు. 1949లో జాగీర్లు రద్దయిన తరువాత ఆ పని దిక్కులేనిదయింది. కోటలోని చెన్నకేశవాలయంలో పూజ సాగుతున్నది గనుక అది నిలిచింది. కళాశాల నడిచే గదులకు కప్పు మిగిలింది. గోడకు భక్తులూ లేరు, విద్యార్థులూ లేరు.

వనపర్తి రాజసౌధం 1959లో పాలిటెక్నిక్‌గా మారింది. వాడుకే దానిని కాపాడిందనడం న్యాయం. అయితే దర్బారు గదికి కావలసినది వేరు, వర్క్‌షాపుకు కావలసినది వేరు. వనపర్తి రాజు పోషించిన ఆఫ్రికన్ అశ్వదళం పిమ్మట నిజాం కొలువుకు చేరి, హైదరాబాదులో ఏ.సీ. గార్డ్స్ అనే పేటకు పేరయింది. సౌధాన్ని పొగిడేవారికి ఆ సిద్దీలు గుర్తురావడం అరుదు.

గద్వాలకు చేరువలోని ఆలంపురం కథ మరింత ఆలోచింపజేస్తుంది. శ్రీశైలం జలాశయం నిండేముందు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయిరాయిగా విప్పి అక్కడికి తెచ్చి నిలబెట్టారు. మెచ్చదగిన పనే. కాని 1981లో ఊళ్లు ఖాళీ అయినప్పుడు బావులనూ సమాధులనూ అలా తరలించినవారెవరు? ఏది చారిత్రకమో నిర్ణయించే అధికారం ఊరివారి చేతిలో లేదు. అదే ఆలంపురంలో నవబ్రహ్మ ఆలయాల చెంతనే షా అలీ పహిల్వాన్ దర్గా ఉన్నది. ఒకదానిని చూపి మరొకదానిని దాటిపోయే రచన ఆ ఊరిని సగమే చూసినట్లు.

ఇక ప్రభుత్వాన్ని విమర్శించి ఊరుకుంటే మనవారి బాధ్యత తీరదు. వక్ఫ్ ఆదాయంలో మొదటి ఖర్చు ఆ ఆస్తి మరమ్మతుకేనని, దాత ఆ షరతు వ్రాయకపోయినా సరేనని హనఫీ ఫిఖహ్ నిర్ణయం. కట్టడాన్ని దృఢపరచడానికి వక్ఫ్ సొమ్ము వాడవచ్చును గాని, అలంకారానికి వాడితే ముతవల్లీ నష్టపరిహారం చెల్లించాలని ‘హిదాయా’ చెబుతున్నది. నేడు జరుగుతున్నది తలక్రిందులు. పాత గచ్చు ఊడదీసి సిమెంటు పూస్తారు. సున్నపు గోడ పీల్చిన తేమను సిమెంటు బయటికి పోనివ్వదు. గోడ లోలోపలే చివికిపోతుంది. పైన నిగనిగలాడే టైల్స్! ఫార్సీ శిలాఫలకం మీద ఆకుపచ్చ ఎనామిల్ పూస్తే, కట్టించినవాని పేరూ హిజ్రీ సంవత్సరమూ ఆ రంగు క్రిందనే సమాధి అవుతాయి.

2016లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. రోడ్లు వెడల్పవుతాయి, స్థలాల ధరలు పెరుగుతాయి. కబరస్తాను ప్రహరీ, ఈద్గా ఆవరణ, పాత బావి అడ్డుగా కనిపిస్తాయి. 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం ఉన్నది, కాని జాబితాకెక్కని కట్టడానికి దాని నీడ అందదు. జాబితా కోసం హైదరాబాదు నుండి ఎవరో రావాలని ఎదురుచూడనక్కరలేదు. ఫార్సీ చదవగల పెద్దలు కొందరైనా ఇంకా ఉన్నారు. రంగు డబ్బా తెరవకముందే ఫలకాల ప్రతి ఎత్తించి, వక్ఫ్ కాగితాలతో కలిపి భద్రపరచడం ప్రతి మస్జిదు కమిటీకీ సాధ్యమే.