గ్రంథాలయం ఎప్పుడు మ్యూజియం అవుతుంది?

హైదరాబాదు చూడ్డానికి వచ్చినవాళ్ళు సాలార్‌జంగ్ మ్యూజియం చూడకుండా పోరు. గంటలు కొట్టే గడియారం ముందు పిల్లల్ని ఎత్తుకుని నిలబడతారు. మేలిముసుగు రెబెకాను చూస్తారు. నూర్జహాన్ బాకు, ఔరంగజేబు కత్తి చూస్తారు. బయటికొచ్చి, "ఈ సాయిబులు ఎంత భోగం అనుభవించారో!" అంటారు.

మ్యూజియాన్ని తప్పుపట్టి లాభం లేదు. అందులో ఎక్కువ భాగం 1949లో చనిపోయిన మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ సేకరణ. 1951లో దివాన్ దేవిడీలో జనానికి తెరిచారు. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మార్చారు. ఒక నవాబు పోగుచేసిన వస్తువుల్లో దూది ఏకే విల్లు ఉండాలని ఎవరూ అనరు. పేచీ అంతా ఒక దివాణం సామానును ఒక సమాజం చరిత్రగా చదవడంలోనే ఉంది. జట్కా తోలినవాడికీ, గాజులమ్మినవాడికీ, దూది ఏకినవాడికీ ఆ కత్తితో ఏం సంబంధం? అయినా ఆ కత్తికి జవాబు చెప్పాల్సింది వాళ్ళే!

మూసీకి అవతల అఫ్జల్‌గంజ్‌లో ఇంకో భవనం ఉంది. సయ్యద్ హుసేన్ బిల్గ్రామీ చొరవతో 1891లో మొదలైన ఆసఫియా లైబ్రరీ అది. ఈ భవనంలోకి 1930లలో వచ్చింది. ఇప్పుడు రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. నన్నడిగితే ఈ ఊరి చరిత్రకు అసలు ఇల్లు ఇదే. పోటీపరీక్షల కుర్రాళ్ళతో కిటకిటలాడుతుంటుంది. ఉర్దూ, ఫార్సీ పుస్తకాల వైపు మాత్రం అలికిడి ఉండదు.

ఎందుకని? ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. దారుల్ తర్జుమా అనువాదకులు చరిత్ర నుంచి వైద్యం దాకా పాఠ్యగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. 1948 పోలీసు చర్య తర్వాత ఆ మాధ్యమం పోయి ఇంగ్లీషు వచ్చింది. పై చదువుకు పనికిరాకుండాపోయిన భాషలో పుస్తకం ఎంత గొప్పదైనా అద్దాల బీరువాలో బాకులాంటిదే.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకు దిక్కులేకపోయింది. తెలుగు పుస్తకాల కోసం 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయాన్ని జనమే పెట్టుకోవలసి వచ్చింది. ఆ బాధను ముస్లింలుగా మనం ఒప్పుకోవాలి. ఒప్పుకున్నప్పుడే మన బాధ గురించి నిలదీసి అడగగలం. ఉర్దూలో చదివి తెలుగులో రాసే నాబోటివాడికి ఆ రెండు గ్రంథాలయాలూ సొంతమే. ఒకటి మాదీ, ఒకటి మీదీ అనే పంపకం మాకు కుదరదు.

గ్రంథాలయం మ్యూజియం కావాలంటే బోర్డు మార్చనక్కర్లేదు. చదివేవాళ్ళు లేకుండాపోతే చాలు. పాత పుస్తకాలకు చెదలు పట్టకుండా చూడమని ప్రభుత్వాన్ని అడుగుదాం. కానీ అంతటితో సరిపోదు. వాటిని తెలుగులోకి తేవాలి. ఆ పని రెండు భాషలూ వచ్చినవాళ్ళం మనమే మొదలుపెట్టాలి. లేకపోతే మనమెవరమో చెప్పడానికి ఆ కత్తీ, ఆ బాకే మిగులుతాయి.